వెలుగును మందుగా మలచిన రోగి: డాక్టర్ నీల్స్ ఫిన్సెన్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, సంఘసంస్కర్తల గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగకాలమంతా ప్రభుత్వ ఆసుపత్రి లేబొరేటరీలో మైక్రోస్కోపు ముందు కూర్చుని, కఫం స్లైడ్ల మీద ఎర్రటి పుల్లల్లా కనిపించే క్షయ క్రిములను లెక్కపెట్టినవాణ్ణి. అందువల్ల ఆ క్రిమితోనే పోరాడిన ఒక వైద్యుడి కథ ఎంచుకున్నాను.

మరో కారణం కూడా ఉంది. మోకాళ్ళ నొప్పులకు, మానని పుండ్లకు, రాలిపోయే జుట్టుకు కాంతి చికిత్స అంటూ ఈమధ్య ప్రకటనలు ఎక్కువయ్యాయి. మన మిత్రులు కొందరు అందులో నిజమెంత అని నన్ను అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే ఎక్కడో ఉత్తర సముద్రాల్లోని ఒక చిన్న దీవిలో పుట్టిన డాక్టర్ నీల్స్ ఫిన్సెన్ దగ్గరికే చేరుకుంటాము. ఆధునిక కాంతి వైద్యానికి ఆయనే ఆద్యుడు. ఆయన బతికింది 43 ఏళ్ళు. అందులో ఇరవై ఏళ్ళకు పైగా ఆయన రోగే.

వెలుగు కరువైన దేశం

నీల్స్ రైబెర్గ్ ఫిన్సెన్ 1860 డిసెంబరు 15న ఫారో దీవుల ముఖ్యపట్టణం టోర్షావన్‌లో జన్మించారు. ఇవి డెన్మార్క్ ఏలుబడిలోని దీవులు. శీతకాలం నడిమధ్యలో అక్కడ పగలు దాదాపు అయిదు గంటలే ఉంటుంది. ఎండాకాలంలో మాత్రం రాత్రి సరిగా చీకటి పడదు. ఎండ ఎక్కువై గొడుగు వేసుకునే మనకు, ఎండ కోసం ఎదురుచూసే బతుకు ఎలా ఉంటుందో ఊహించడం కొంచెం కష్టమే.

తండ్రి హానెస్ ఫిన్సెన్ ఐస్‌లాండు వంశీకుడు. ప్రభుత్వోద్యోగి. తరువాతి కాలంలో ఆ దీవులకు పాలనాధికారి అయ్యారు. నీల్స్‌కు నాలుగేళ్ళ వయసులోనే తల్లి కన్నుమూసింది. చదువు కోసం 1874లో డెన్మార్క్‌లోని ఒక పేరున్న వసతి పాఠశాలకు పంపారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఈ పిల్లవాడు మంచి మనసున్నవాడే గాని తెలివి తక్కువ, చురుకు తక్కువ అని తేల్చేశారు. రెండేళ్ళలో ఆ బడి మాన్పించి తండ్రి సొంత ఊరు రేక్యవిక్‌లో చేర్పించారు. అక్కడ కొంత మెరుగుపడినా, 1882లో బడి చదువు పూర్తి చేసేసరికి పదిహేనుమందిలో ఆయనది పదకొండో స్థానం. అప్పటికి వయసు ఇరవై ఒకటి. మనవల మార్కులు చూసి దిగులుపడే తాతయ్యలు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

అదే సంవత్సరం కోపెన్‌హాగన్ వెళ్ళి వైద్యవిద్యలో చేరారు. మరుసటి ఏడాదే జబ్బు బయటపడింది. గుండె, కాలేయం, ప్లీహం మీద ఉండే సన్నని పొరలు క్రమంగా మందమై బిగుసుకుపోయే వ్యాధి అది. గుండె స్వేచ్ఛగా కొట్టుకోలేదు. పొట్టలో నీరు చేరుతుంది. నీరసం, రక్తహీనత వెంటాడతాయి. ఆ రోజుల్లో దానికి మందు లేదు. మందు లేదన్న సంగతి వైద్యవిద్యార్థిగా ఆయనకు మిగిలిన రోగులకంటే బాగా తెలుసు.

ఎండను వెతుక్కున్న యువకుడు

విద్యార్థిగా ఆయన ఉన్న గది ఉత్తరపు ముఖంగా ఉండేది. ఎండ పడేది కాదు. బయట ఎండలో తిరిగిన రోజున ఒంట్లో కాస్త హుషారుగా ఉండడం, గదిలో ఉన్న రోజున నీరసం రావడం ఆయన గమనించారు. ఒకనాడు కిటికీలోంచి చూస్తుంటే, ఎదుటి ఇంటి కప్పు మీద పడుకున్న పిల్లి, నీడ దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి ఎండలోకి జరిగి పడుకుంటూ కనిపించిందని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. రథసప్తమి నాడు జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం చేసే మనకు ఎండలో మేలుందన్న మాట కొత్త కాదు. కాని ఫిన్సెన్ అడిగిన ప్రశ్న కొత్తది. ఎండలో ఏ రంగు కిరణం, ప్రాణంలో ఏ పని చేస్తోంది? ఎండ మేలు చేస్తుందని నమ్మి ఊరుకోకుండా, దాన్ని విడదీసి చూడాలనుకున్నారు.

1890 ప్రాంతంలో వైద్యపట్టా పుచ్చుకుని విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణశాస్త్ర విభాగంలో చేరారు. శవాలను కోసి విద్యార్థులకు చూపించే ఉద్యోగం అది. 1892 డిసెంబరులో ఇంగెబోర్గ్ బాల్‌స్లేవ్‌ను వివాహం చేసుకున్నారు. ఆమె ఒక బిషప్పు గారి కుమార్తె. మరుసటి ఏడాదే ఆ ఉద్యోగం వదిలి పూర్తికాలం పరిశోధనలోకి దిగారు. కొత్త కాపురం, నయం కాని జబ్బు, జీతం వదులుకోవడం. జీతంరాళ్ళ మీద సంసారాలు నెట్టుకొచ్చిన మనకు ఆ నిర్ణయం బరువు ఎంతో తెలుస్తుంది. అంతకు మించి ఆ దంపతులను కుంగదీసిన సంగతి, వారి మొదటి బిడ్డ పుట్టిన రోజే పోవడం.

చేతిమీద సిరా పట్టీలు

ఆయన చేసిన తొలి ప్రయోగాలకు పెద్ద ఖర్చు లేదు. తన ముంజేతి మీద నల్ల సిరాతో పట్టీ గీసి ఎండలో కూర్చున్నారు. సిరా కడిగేశాక చూస్తే, దాని కింద చర్మం తెల్లగానే ఉంది. చుట్టూ ఉన్నది ఎర్రబడి మండి, కొన్నాళ్ళకు నల్లబడింది. అదే చేతిని సిరా లేకుండా మళ్ళీ ఎండలో పెట్టారు. ఈసారి ముందు తెల్లగా మిగిలిన పట్టీ మాత్రమే కమిలింది. నల్లబడిన భాగానికి పెద్దగా ఏమీ కాలేదు. చర్మం తన రంగుతో తనను కాపాడుకుంటుందని ఆ చెయ్యే సాక్ష్యం చెప్పింది.

తరువాత జీవుల మీద పరీక్షలు. రంగురంగుల గాజుపలకలు కప్పిన పెట్టెలో వానపాములను వేస్తే, అవి నీలి వెలుతురు వదిలి ఎర్ర గాజు కిందికి చేరాయి. సాలమాండర్ అనే బల్లిలాంటి ఉభయచరం పిండాల మీద నీలి కాంతి పడితే అవి కదిలాయి. ఎర్ర కాంతికి కదలలేదు. 1895లో ఆయన ఈ ఫలితాలు ప్రకటించారు. వెలుగు కేవలం కంటికి చూపునిచ్చేది కాదని, ప్రాణమున్న కణాన్ని నేరుగా తట్టి లేపగలదని, అదీ రంగును బట్టి ఉంటుందని ఆయన గ్రహించారు. ఈనాటి కాంతి వైద్యమంతా ఈ మాట మీదే నిలిచి ఉంది.

ఒక పొరపాటు దారి

1893లో ఆయన మసూచి గురించి రాశారు. ఆ రోగికి ఎర్ర తెరలు కట్టిన గదిలో వైద్యం చేస్తే, హాని చేసే నీలి, ఊదా కిరణాలు తగలక, పొక్కులు చీము పట్టవని, మచ్చలు మిగలవని వాదించారు. నార్వేలో కొందరు వైద్యులు ప్రయత్నించి మంచి ఫలితాలు వచ్చాయన్నారు. ఎర్రగదులు చాలా దేశాల్లో వెలిశాయి. కాని తరువాత జాగ్రత్తగా పరీక్షించిన వైద్యులకు ఆ లాభం కనిపించలేదు. 1904లోనే ఇంగ్లండులో ఎర్రగది వల్ల ఉపయోగం లేదన్న నివేదిక వచ్చింది. చివరికి మసూచిని భూమి మీద నుంచి తరిమింది టీకా మాత్రమే.

ఫిన్సెన్ వంటివాడు చెప్పిన చికిత్స కూడా ఒకటి నిలిచింది, ఒకటి నిలవలేదు. నిలిచింది ఎందుకు నిలిచిందో ఇక చూద్దాం.

ముఖాన్ని తినే క్షయ

లూపస్ వల్గారిస్ అంటే చర్మానికి వచ్చే క్షయ. లాటిన్‌లో లూపస్ అంటే తోడేలు. ఈనాడు డాక్టర్లు లూపస్ అని పిలిచే కీళ్ళు, మూత్రపిండాల జబ్బు వేరు, ఇది వేరు. ఈ చర్మక్షయ ఎక్కువగా ముక్కు మీద, బుగ్గల మీద వచ్చేది. చిన్న గోధుమరంగు బుడిపెలుగా మొదలై ఏళ్ళతరబడి నెమ్మదిగా పాకుతూ ముక్కును, పెదవిని, చెవిని తినేసేది. ప్రాణం త్వరగా పోదు. మనిషి మాత్రం మనుషుల్లోంచి పోయేవాడు. పని ఇచ్చేవారు ఉండరు, పెళ్ళి కాదు, పక్కన కూర్చునేవారు ఉండరు. ముసుగు కప్పుకుని బతకవలసిందే. కత్తితో గీకడం, మందులతో కాల్చడం, ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం అప్పటి వైద్యాలు. వాటి వల్ల మిగిలే మచ్చలు జబ్బుకు తీసిపోయేవి కావు.

క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో కనిపెట్టారు. అంతకు ముందే 1877లో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు ఆంగ్లేయులు సూర్యకాంతి బాక్టీరియాను చంపుతుందని చూపించారు. ఈ రెండింటినీ ఫిన్సెన్ కలిపి ఆలోచించారు. క్రిమి చర్మంలోనే ఉంది. వెలుగు చర్మం దాకా వెళ్ళగలదు. అయితే చర్మం కాలకుండా, క్రిమి చచ్చేంత వెలుగును లోపలికి పంపడం ఎలా?

ఇందులో ఆయనకు మూడు అడ్డంకులు ఎదురయ్యాయి. మొదటిది వేడి. ఎండను భూతద్దంతో కేంద్రీకరిస్తే కాగితం అంటుకున్నట్టు చర్మమూ కాలుతుంది. అందుకని మైలుతుత్తం కలిపిన నీలి ద్రావణం నింపిన బోలు కటకం తయారు చేయించారు. అది వేడి కిరణాలను తాను మింగి, నీలి కిరణాలను వదులుతుంది. రెండోది ఎండే లేని దేశం. అందుకు విద్యుత్ ఆర్క్ దీపాన్ని ఎంచుకున్నారు. పాత సినిమా హాళ్ళలో ప్రొజెక్టర్ గదిలోకి తొంగిచూసిన వారికి రెండు కార్బన్ కడ్డీల మధ్య కళ్ళు మిరుమిట్లు గొలిపే ఆ మంట గుర్తుండే ఉంటుంది. అదే దీపం. మామూలు గాజు అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది కాబట్టి, స్ఫటికంతో కటకాలు చేయించి, మధ్యలో చన్నీళ్ళు పెట్టి వేడిని తీసేశారు.

మూడో అడ్డంకి రక్తం. ఒక మనిషి చెవితమ్మెకు వెనుక ఫోటో కాగితం పెట్టి, ముందునుంచి కాంతి వేశారు. కాగితం నల్లబడలేదు. చెవిని రెండు గాజుపలకల మధ్య నొక్కి రక్తం లేకుండా చేసి మళ్ళీ వేస్తే, క్షణాల్లో నల్లబడింది. నీలి కిరణాలను రక్తమే మింగేస్తోందన్నమాట. అప్పటి నుంచి చన్నీళ్ళు పారే స్ఫటికపు బిళ్ళను రోగి చర్మానికి గట్టిగా అదిమిపెట్టి, రక్తం పక్కకు తొలగాక కాంతి పంపడం మొదలుపెట్టారు.

విద్యుత్ కేంద్రంలో మొదటి రోగి

1895 నవంబరులో తొలి రోగికి చికిత్స ప్రారంభమైంది. జరిగింది ఆసుపత్రిలో కాదు, కోపెన్‌హాగన్ విద్యుత్ కేంద్రంలో! ఆర్క్ దీపానికి కావలసిన కరెంటు అక్కడే దొరికింది. రోగి ఒక ఇంజనీరు. చాలాకాలంగా ముఖం మీద లూపస్‌తో బాధపడుతూ, అన్ని వైద్యాలూ అయిపోయి వచ్చినవాడు. రోజూ గంటలతరబడి దీపం ముందు కూర్చున్నాడు. కొన్ని నెలల్లో పుండు మాని, కొత్త చర్మం వచ్చింది.

1896లో ప్రజల సహాయంతో, ఇద్దరు దాతల అండతో కోపెన్‌హాగన్‌లో కాంతి వైద్య సంస్థ వెలిసింది. అదే తరువాత ఫిన్సెన్ ఇన్‌స్టిట్యూట్‌గా పేరు పొందింది. అక్కడి చికిత్స ఓపికతో కూడిన పని. ఒక పెద్ద ఆర్క్ దీపం నుంచి నాలుగు గొట్టాలు దిగుతాయి. ఒక్కో గొట్టం కింద ఒక రోగి. ప్రతి రోగి పక్కన ఒక నర్సు రంగు అద్దాలు పెట్టుకుని, స్ఫటికపు బిళ్ళను చేత్తో అదిమి పట్టుకుని గంటకు పైగా కదలకుండా కూర్చోవాలి. ఒకసారికి నయమయ్యే మేర పావలా బిళ్ళంత. మర్నాడు పక్క భాగం. చికిత్స చేసిన చోట ఒక రోజులో ఎర్రబడి పొక్కుతుంది. తరువాత పక్కు కట్టి రాలిపోతుంది. కింద మెత్తని, చదునైన చర్మం కనిపిస్తుంది. ముఖమంతా అయ్యేసరికి నెలలు, ఒక్కొక్కరికి ఏళ్ళు పట్టేది. ఫిన్సెన్ పేరు లోకమంతా చెప్పుకుంది గాని, రోజూ చెయ్యి నొప్పెట్టేలా అదిమి పట్టుకున్న ఆ నర్సుల పేర్లు ఎవరికీ తెలియవు. ఆసుపత్రిలో పనిచేసినవాణ్ణి కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేను.

1896 నుంచి 1901 వరకు 804 మంది లూపస్ రోగులకు అక్కడ చికిత్స చేశారు. వారిలో నూటికి 83 మందికి నయమైంది. చికిత్సకు ముందు, తరువాత ఫోటోలు తీసి, లెక్కలు రాసి, ఎవరైనా వచ్చి చూసుకునేలా ఉంచారు. ఎర్రగది నిలవకపోవడానికి, లూపస్ దీపం నిలవడానికి తేడా ఇదే. ఇంగ్లండు యువరాజు భార్య అలెగ్జాండ్రా డెన్మార్క్ ఆడపడుచు. పుట్టింటి దేశంలో చూసిన ఈ దీపాన్ని ఆమె 1900లో లండన్ ఆసుపత్రికి బహూకరించారు.

చక్రాల కుర్చీలో నోబెల్ బహుమతి

1903లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఫిన్సెన్‌ను వరించింది. డెన్మార్క్ దేశానికి అదే మొదటి నోబెల్. అంతకు ముందు ఏడాది అదే బహుమతి రోనాల్డ్ రాస్‌కు వచ్చింది. 1897లో మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రాస్ ఆయనే. ఫిన్సెన్‌తో పాటు ఆ ఏడాది భౌతికశాస్త్రంలో బహుమతి అందుకున్నవారిలో క్యూరీ దంపతులు ఉన్నారు.

స్టాక్‌హోం వెళ్ళి బహుమతి అందుకునే స్థితిలో ఆయన లేరు. అప్పటికే చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. పొట్టలో చేరిన నీటిని ఎన్నోసార్లు సూదితో తీయవలసి వచ్చింది. బహుమతి సొమ్ములోంచి 50,000 క్రౌన్లు తన కాంతి సంస్థకు, 60,000 క్రౌన్లు గుండె, కాలేయ రోగుల కోసం తాను నెలకొల్పిన ఆరోగ్యాలయానికి ఇచ్చేశారు. ఆయన బాధపడుతున్నది ఆ అవయవాల జబ్బుతోనే.

చివరి రోజుల్లో కూడా పరిశోధన మానలేదు. ఇప్పుడు పరీక్షకు దొరికింది తన శరీరమే. తాను తినే ఉప్పు, తాగే నీరు, ఒంటి బరువు, విసర్జించే నీరు రోజూ తూచి రాసుకున్నారు. ఉప్పు తగ్గించిన ఆహారం తీసుకుంటూ తేడా చూశారు. శరీరంలో ఉప్పు నిలవ ఉండడం గురించి 1904లో ప్రకటించిన వ్యాసమే ఆయన చివరి రచన. బి.పి.కి, గుండెకు డాక్టరు ఉప్పు తగ్గించమంటే విసుక్కునే మనం ఆ మనిషిని ఒకసారి తలచుకోవాలి.

1904 సెప్టెంబరు 24న కోపెన్‌హాగన్‌లో ఆయన కన్నుమూశారు. పుట్టిన ఊరు టోర్షావన్‌లో ముఖ్యవీధికి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఆయన తరువాత

ఫిన్సెన్ దీపం దాదాపు అర్ధశతాబ్దం పనిచేసింది. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనయాజిడ్ వచ్చాక చర్మక్షయకు దీపం అవసరం తీరిపోయింది. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం చాలామంది ఎరుగుదురు. 1915లో మొదలైన ఆ సంస్థను తొలినాళ్ళలో తీర్చిదిద్దిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ కూడా డెన్మార్క్ దేశీయుడే. మందులు రాకముందు గాలి, వెలుతురు, విశ్రాంతి, పౌష్టికాహారమే క్షయకు వైద్యం. మందులు వచ్చాక రోగుల తలరాతే మారిపోయింది.

ఒక విచిత్రం చెప్పాలి. తన దీపంలోని అతినీలలోహిత కిరణాలే క్రిమిని చంపుతున్నాయని ఫిన్సెన్ అనుకున్నారు. 2005లో డెన్మార్క్ పరిశోధకులు ఆయన పాత పరికరాలనే పరీక్షించి చూస్తే, బాగా పొట్టి తరంగాల కిరణాలు ఆ కటకాల గుండా రానే రావని తేలింది. క్షయ క్రిమిలో పార్ఫిరిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఊదా, నీలి కాంతిని పీల్చుకుని, తనకే విషమయ్యే ఒక రకం ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. క్రిమి చచ్చింది అందువల్లనట. వివరణ మారింది గాని, మానిన ముఖాలు మానినవే.

ఆయన వేసిన దారి అక్కడితో ఆగలేదు. పుట్టిన బిడ్డకు కామెర్లు ఎక్కువైతే నీలి దీపాల కింద పడుకోబెట్టడం మనమంతా చూసిందే. 1950ల్లో ఇంగ్లండులో ఒక నర్సు ఎండలో ఉంచిన శిశువుల పసుపు తగ్గడం గమనించడంతో అది మొదలైంది. 1967లో హంగేరీ వైద్యుడు ఎండ్రే మెస్టర్ లేజర్ వల్ల కేన్సర్ వస్తుందేమో చూడాలని, ఎలుకల వీపు గొరిగి సన్నని లేజర్ కాంతి వేశారు. కేన్సర్ రాలేదు సరికదా, వెంట్రుకలు త్వరగా మొలిచాయి. తరువాత మానని పుండ్ల మీద ప్రయత్నించారు. ఎర్రని, పరారుణ కాంతిని కణంలోని మైటోకాండ్రియా అనే శక్తి కేంద్రాలు పీల్చుకుని చురుకు తెచ్చుకుంటాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కేన్సర్ చికిత్సలో నోరు పూసి తిండి తినలేని రోగులకు ఈ కాంతిని ఇప్పుడు వైద్య మార్గదర్శకాలే సిఫారసు చేస్తున్నాయి.

ఇంకా ముందుకు వెళ్ళినవారూ ఉన్నారు. తెగిన తోకను మళ్ళీ పెంచుకునే శక్తి కప్పపిల్లలకు ఒక దశలో పోతుంది. కాంతి తగిలితే పనిచేసే ఒక ప్రోటీన్‌ను వాటి కణాల్లో పెట్టి వెలుగు వేస్తే, ఆ దశలోనూ తోక పెరిగిందని 2013లో అమెరికాలో చూపించారు. 2014లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు ఎలుక పంటిలో తక్కువ శక్తి లేజర్‌తో, అక్కడి మూలకణాలను మేల్కొలిపి పంటి లోపలి పదార్థాన్ని తిరిగి పెరిగేలా చేశారు. ఇవి జంతువుల మీద జరిగినవి. మన పళ్ళకు, మోకాళ్ళకు ఈ లెక్క వర్తిస్తుందని అప్పుడే అనుకోకూడదు.

మిత్రులకు నా మనవి

ఇంతకీ కాంతి వైద్యం నిజమా, మోసమా అంటే, వైద్యం నిజమే. కాని వెలుగంతా ఒకటి కాదు. క్రిమిని చంపే రంగు వేరు, కణాన్ని పెంచే రంగు వేరు. తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే హాని చేస్తుంది. అతినీలలోహిత కాంతి అతిగా తగిలితే చర్మానికి కేన్సర్ కూడా తేగలదు. కాబట్టి ఎవరైనా దీపం బెల్టో, లేజర్ పెన్నో చూపించి అన్ని రోగాలకూ ఇదే మందంటే, డబ్బు తీసే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ రంగు కాంతి? ఎంతసేపు? ఏ జబ్బుకు? ఎంతమందికి ఇచ్చి, ఎంతమందికి నయమైందో లెక్క ఉందా? ముఖ్యంగా షుగరు ఉన్నవారు మానని పుండుకు ఇలాంటి దీపాలను నమ్ముకుని డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా వేయవద్దు. అందులో కాలే పోయే ప్రమాదముంది.

ఫిన్సెన్ తన రోగులకు ఇచ్చింది వెలుగు ఒక్కటే కాదు. 804 మంది అని, నూటికి 83 అని లెక్క కూడా ఇచ్చారు. నయం కాని మిగిలిన 17 మందిని దాచలేదు. తనకు నయం కాదని తెలిసిన జబ్బుతో ఇరవై ఏళ్ళు బతుకుతూ, ముసుగు వేసుకుని వచ్చిన మనుషులను ముసుగు తీసి పంపించారు. అటువంటి మనిషి జీవితాన్ని మన ఇళ్ళలోని పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనమీద ఉంది.